పగటి గొలుసు

2024 మార్చిలో కొల్లేటి చుట్టుపక్కల నుంచి నాకు కుక్కల గురించి ఫోన్లు మొదలయ్యాయి. పశువైద్యుడిగా పదవీ విరమణ చేసి ఏలూరులో ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. గేదె మాయ వెయ్యలేదనో, దూడ లేవడం లేదనో పాత పరిచయస్థులు అడపాదడపా చేస్తుంటారు గానీ, కుక్కల విషయంలో నాకంత గిరాకీ ఎప్పుడూ లేదు.

కారణం ఢిల్లీలో ఉంది. ఆ నెల 12న కేంద్ర పశుసంవర్ధక, పాడిపరిశ్రమ శాఖ రాష్ట్రాలన్నిటికీ ఒక ఉత్తరం రాసింది. మనుషుల ప్రాణానికి ముప్పు అనుకున్న 23 జాతుల కుక్కలకూ వాటి సంకరాలకూ అమ్మకానికి, పెంపకానికి లైసెన్సులు ఇవ్వొద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాలని దాని సారాంశం. పిట్‌బుల్, తోసా, రాట్‌వైలర్, కేన్ కోర్సో, మాస్టిఫ్... ఇలా సాగిన జాబితా, బ్యాన్ డాగ్ అని వాడుకలో పిలిచే తరహా కుక్కలన్నీ అంటూ ముగుస్తుంది. ఆ పేరును ఇంగ్లిషులో ఒకసారి విడదీసి, పక్కనే బ్రాకెట్లో మరోసారి కలిపి రాశారు.

మా ప్రాంతంలో చేపల చెరువు ఉన్నవాడికి దొంగల భయం తప్పదు. మేత బస్తాలు పోతాయి, మోటార్లు పోతాయి, రాత్రికి రాత్రి వల లాగి చేపలే ఎత్తుకుపోయేవాళ్లూ ఉన్నారు. అందుకని గట్టు మీద కాపలా గుడిసె, గుడిసె గుంజకి ఓ పెద్ద కుక్క. అలాంటి కుక్క ఉన్న ఒక రైతు అడిగిన ప్రశ్న ఇది: "డాక్టరు గారూ, బ్యాన్ డాగ్ అంటే బ్యాన్ చేసిన కుక్కనేగా అండీ? అలాగైతే ఆ లిస్టులో ఉన్నవన్నీ బ్యాన్ డాగులే కదండీ. మళ్లీ విడిగా రాయడం దేనికండీ?"

తర్కానికి వంక పెట్టలేం. ఆ ఉత్తరం చదివిన చాలామంది అలాగే అనుకున్నారు. కానీ ఆ మాటలో నిషేధం లేదు, గొలుసుంది. నిషేధం అనే అర్థమిచ్చే బ్యాన్, చాటింపు వేసి పిలవడం అనే పాత ఇంగ్లిషు క్రియ నుంచి వచ్చింది. కుక్క పేరులో ఉన్నది అది కాదు, బ్యాండ్. కట్టు, తాడు, సంకెల. బ్యాండ్ డాగ్ అని గబగబా అంటే మధ్యలో రెండు డకారాలు ఒకటైపోయి బ్యాన్‌డాగ్ అవుతుంది. ఆ బ్యాండ్‌కీ, బైండ్ అనే ఇంగ్లిషు క్రియకీ, సంస్కృతం ద్వారా మనకొచ్చిన బంధం, బంధనం, బంధువులకీ మూలధాతువు ఒకటేనని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. మొత్తానికి బ్యాన్‌డాగ్ అంటే కట్టేసిన కుక్క. దాని రంగు, ఎత్తు, పుట్టుక ఏవీ పేరులో లేవు. మనం దానికేం చేశామో అది మాత్రం ఉంది.

ఈ మాట 1440 నాటికే నిఘంటువుకెక్కింది. ఇంగ్లండు తూర్పు తీరంలో నార్ఫోక్ అనే జిల్లా ఉంది. అక్కడి లిన్ పట్టణంలో ఒక క్రైస్తవ సన్యాసి, లాటిన్ నేర్చుకునే కుర్రాళ్ల కోసం ఇంగ్లిషు నుంచి లాటిన్‌కి ఒక పదకోశం కూర్చాడు. ప్రాంప్టోరియం పర్వులోరం దాని పేరు. అందులో ఈ కుక్కకి ఎదురుగా మొలోసస్ అని రాశాడు. ఉత్తర గ్రీసులోని మొలోసియన్ల దేశపు బండ కుక్కలకి ప్రాచీనులు పెట్టిన పేరది. ఆ గ్రీకు కుక్కకీ నార్ఫోక్ పల్లెల కుక్కకీ రక్తసంబంధం ఉందని నేను నమ్మను. పెద్దది, కరిచేది, కాపలా కాసేది అనే పోలిక ఆయనకి చాలింది.

మాస్టిఫ్ అనే మాట కథ ఇంకా తమాషాగా ఉంటుంది. పాత ఫ్రెంచి మీదుగా వచ్చిన ఆ మాటకి లాటిన్ మూలం, చేతికి అలవాటైనది, మచ్చికైనది అని చెప్పే మాట. అంటే ఇంటి కుక్క, సాధు జంతువు! 1598లో అడవి చట్టాల మీద గ్రంథం రాసిన జాన్ మాన్‌వుడ్‌కి ఇది తెలియదు. దొంగని హడలగొట్టేది అని అర్థం వచ్చేలా మాస్టిఫ్‌ని ఇంగ్లిషు ముక్కలుగా విడగొట్టి చూపించాడు. వాకిట్లో కుక్క దొంగల్ని హడలగొట్టాలని కోరుకునేవాడికి ఆ వ్యుత్పత్తి నచ్చకుండా ఎలా ఉంటుంది?

కట్టేయడం ఎందుకో తొలిగా స్పష్టంగా చెప్పినవాళ్లు ఇద్దరు. ఒకరు జాన్ కీస్. పేరు ఇంగ్లిషులో రాసింది చూస్తే కైయస్ అని చదవబుద్ధేస్తుంది గానీ కేంబ్రిడ్జిలో ఆయన పేరున్న కాలేజీవాళ్లు కీస్ అనే అంటారు. రాజు ఎడ్వర్డ్, రాణులు మేరీ, ఎలిజబెత్ ముగ్గురి కొలువులోనూ వైద్యుడిగా ఉన్నాడు. స్విట్జర్లండులో జంతువుల మీద మహాగ్రంథం రాస్తున్న కొన్రాడ్ గెస్నర్ అడిగితే ఇంగ్లండు కుక్కల గురించి లాటిన్‌లో ఒక చిన్న పుస్తకం రాశాడు. 1570లో అచ్చయింది. 1576లో ఏబ్రహాం ఫ్లెమింగ్ ఇంగ్లిషు చేశాడు. కుక్కల మీద ప్రత్యేకంగా వచ్చిన తొలి ఇంగ్లిషు పుస్తకాల్లో అదొకటి. పశువుల డాక్టరుగా నాకు ఆయన మీద గౌరవం ఎందుకంటే, ఆయన కుక్కల్ని రూపం బట్టి కాక చేసే పని బట్టి విడదీశాడు. మాస్టిఫ్ అన్నా బ్యాన్‌డాగ్ అన్నా ఆయనకి ఒకటే, కానీ దాని కింద ఎన్ని కొలువులో! పొలం కాసేది, కసాయివాడి వెంట పశువుల్ని తోలేది, మెడపట్టీలో ఉత్తరం పెడితే తీసుకెళ్లేది, బావి దగ్గర చక్రం తిప్పి నీళ్లు తోడేది, గిన్నెలకు మాట్లు వేసేవాడి సామాను వీపున మోసేది. చివరికి ఏ పనీ లేక రాత్రంతా చంద్రుణ్ణి చూసి మొరిగే కుక్కకి కూడా ఒక లాటిన్ పేరు పెట్టి వరసలో కూర్చోబెట్టాడు. గొలుసు కుక్క అనే అర్థంలో దీన్ని లాటిన్‌లో కేటనేరియస్ అంటారనీ, పగలు వదిలితే జనాన్ని గాయపరుస్తుందని వాకిట్లో కట్టేస్తారనీ ఆయనే రాశాడు.

రెండోవాడు విలియం హారిసన్. ఎసెక్స్‌లో రాడ్‌వింటర్ అనే పల్లెలో చర్చి గురువు. 1577లో వచ్చిన హోలిన్‌షెడ్ చరిత్రకి ముందుమాటగా ఇంగ్లండు వర్ణన రాసింది ఈయనే. కుక్కల అధ్యాయంలో కీస్ నుంచి చాలా ఎత్తుకున్నాడు, అది వేరే సంగతి. టై డాగ్, బ్యాండ్ డాగ్ అనే పేర్లు పగటిపూట గొలుసులతో కట్టేయడం వల్లే వచ్చాయని సూటిగా చెబుతాడు. ఆ వెంటనే తన సొంత మాస్టిఫ్ కథ ఎత్తుకుంటాడు. ఆ కుక్క ఆయుధంతో వచ్చిన ఏ మనిషినీ గేటు దాటి లోపలికి రానిచ్చేది కాదట. ఇంట్లోవాళ్ల మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఊరుకునేది కాదట. ఇంకా విచిత్రం, హారిసన్ తన పిల్లల్ని కొట్టబోతే మెల్లగా వచ్చి బెత్తాన్ని పళ్లతో పట్టి చేతిలోంచి లాగేసేదట. కుదరకపోతే దెబ్బ తగలకుండా పిల్లల బట్టల్ని కిందికి లాగి కప్పేదట. నాలుగున్నర శతాబ్దాల కింద ఒక పల్లెటూరి పాస్టరు ఇంట్లో జరిగిన సంగతి. ఇంత పని చేసిన కుక్కని ఆయన గొలుసుకి కట్టి ఉంచాడంటే నేను నమ్మలేను. కట్టేసిన కుక్క బెత్తం దాకా ఎలా వస్తుంది?

పగలు బంధించడమనే తెలివి ఇంగ్లీషువాళ్లు కనిపెట్టింది కాదు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో రోమన్ పెద్దమనిషి కేటో వ్యవసాయం మీద రాసిన పుస్తకంలో, పగలు కుక్కల్ని మూసి ఉంచితే రాత్రి చురుగ్గా, మెలకువగా ఉంటాయని ఒక్క ముక్కలో తేల్చేశాడు. రెండొందల ఏళ్ల తర్వాత మరో రోమన్ రచయిత కొలుమెల్లా ఇంకో అడుగు ముందుకేశాడు. ఇంటి కాపలా కుక్క నల్లగా ఉండాలట, పగలు చూస్తే దొంగకి భయం, రాత్రయితే దొంగకి కనపడదు. మంద కాసే కుక్క మాత్రం తెల్లగా ఉండాలి, లేకపోతే చీకట్లో తోడేలనుకుని కాపరే దాన్ని కొడతాడు. పాంపేలో ఒక ఇంటి గుమ్మంలో నల్ల కుక్క, మెడకి పట్టీ, పట్టీకి గొలుసు, కింద కుక్క ఉంది జాగ్రత్త అని లాటిన్ అక్షరాలు, అన్నీ చిన్న చిన్న రాళ్లతో పొదిగి ఉన్నాయి. 79లో అగ్నిపర్వతం బూడిద కమ్మడంతో అలాగే నిలిచిపోయింది. ఏలూరులో మా వీధి గేట్ల మీద ఉన్న రేకు బోర్డులకి అది ముత్తాత.

కేటో మాటలో నిజం ఉంది, కానీ సగమే. పగలు నిద్రపోయిన కుక్క రాత్రి మేలుకుంటుంది, అది మూసి ఉంచడం వల్ల. గొలుసు పని వేరు. గొలుసు మీద బతికే కుక్కల్ని నా సర్వీసులో చాలా చూశాను. మోచేతుల దగ్గర చర్మం మొద్దుబారి కాయ కాసి ఉంటుంది. కుక్కపిల్లప్పుడు వేసిన బెల్టు వదులు చేయడం మరిచిపోతారు, కుక్క పెరుగుతుంది, బెల్టు పెరగదు. చివరికి మెడ కండలోకి దిగిపోయి, ఈగలు వాలి, పురుగులు పట్టాక గానీ ఎవరూ తీసుకురారు. ఒళ్లు సంగతి అలా ఉంచితే బుద్ధి సంగతి ఇంకా ఘోరం. కొత్తవాడు దగ్గరికొస్తే కుక్కకి రెండే దారులు: తప్పుకోవడం, తిరగబడటం. గొలుసు మొదటి దారి మూసేస్తుంది. ఇక మిగిలింది పళ్లే. అమెరికాలో డెన్వర్ నగరంలో 1991లో కరిచిన కుక్కల్నీ, కరవని కుక్కల్నీ పోల్చి చేసిన ఒక పరిశీలన 1994లో వైద్య పత్రికలో వచ్చింది. కరిచిన వాటిలో పెరట్లో గొలుసుకి కట్టి ఉంచినవి బాగా ఎక్కువని అందులో తేలింది. కరిచే కుక్క కాబట్టి కట్టారా, కట్టారు కాబట్టి కరిచిందా అని ఆ లెక్క ఒక్కటీ తేల్చలేదు. నా అనుభవం మాత్రం రెండోవైపే మొగ్గుతుంది.

మా కొల్లేటి సొంత కుక్క జొనంగిని చూడండి. పొట్టి నునుపు బొచ్చు, నుదుటి మీద ముడతలు, మొరగడం తక్కువ. బాతుల మందల వెంట వదిలేస్తే అదే తోలుతుంది, అదే కాస్తుంది. దాన్ని కట్టేసి పెంచిన బాతులవాణ్ణి నేను చూడలేదు. చేపల చెరువులొచ్చి బాతుల మందలు తగ్గాక ఆ జాతే పలచబడిపోయింది. దాని బదులు గట్ల మీదికి వచ్చినవే ఈ గుంజకి కట్టిన పెద్ద కుక్కలు.

ఇంగ్లండులో కట్టేయకుండా తిరిగే కుక్కకి ఒక శత్రువు ఉండేవాడు, రాజు. నార్మన్ రాజులు దేశంలో పెద్ద భాగాన్ని తమ వేట అడవిగా ప్రకటించుకున్నారు. అడవి అంటే చెట్లే ఉండక్కర్లేదు. ఊళ్లు, పొలాలు అన్నీ అందులోనే. అక్కడుండే రైతుకి కాపలా కుక్క కావాలి, కానీ ఆ కుక్క రాజుగారి జింకను తరమకూడదు. 1184లో రెండో హెన్రీ ఉడ్‌స్టాక్‌లో చేసిన శాసనం ఈ చిక్కుని ఉలితో విప్పింది. అడవి హద్దుల్లోని మాస్టిఫ్‌ల కాలి గోళ్లు తీసేయాలి. 1217లో వచ్చిన అడవుల ఒప్పంద పత్రం కాస్త కనికరించింది. తనిఖీ మూడేళ్లకోసారి మాత్రమే. ముందుకాలి మూడు గోళ్లు మాత్రమే, అరికాలి మెత్త జోలికి పోకూడదు. గోళ్లు తీయని కుక్క దొరికితే యజమానికి మూడు షిల్లింగుల జరిమానా. అంతకుముందు జరిమానా కింద ఎద్దునే తోలుకుపోయేవారు, ఇకమీదట అది కూడదు. మాన్‌వుడ్ పద్ధతి కూడా రాసిపెట్టాడు: ఎనిమిది అంగుళాల మందం ఉన్న చెక్క దిమ్మ మీద కుక్క కాలు పెట్టి, రెండంగుళాల వెడల్పు ఉలి ఆనించి, కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ.

కుక్క బరువులో అరవై పాళ్లు ముందుకాళ్ల మీదే పడుతుంది. గోళ్లతో పాటు ఆ వేళ్ల కొసలు పోతే నడుస్తుంది, వాకిట్లో నిలబడి మొరుగుతుంది, కానీ జింకని అందుకునేలా పరిగెత్తలేదు. శరీరం తెలిసినవాడు ఎవడో ఆలోచించి పెట్టిన శిక్ష అది. మన పల్లెల్లో చేలో పడే గొడ్డుకి మెడలో గుదిబండ కట్టేవాళ్లు. అదీ పరుగు ఆపడానికే, కానీ విప్పితే పోయేది. చిన్న కుక్కలకి గోళ్లు తీసే శిక్ష లేదు. ఏది చిన్నదో తేల్చడానికి కొన్ని అడవుల్లో గుర్రపు రికాబు లాంటి ఇనప చట్రం ఉండేది. అందులోంచి దూరగలిగిన కుక్క బతికిపోయినట్టే. లంకషైర్‌లో బ్రూసమ్ హాల్ అనే పాత భవంతిలో అలాంటి చట్రం ఒకటి ఇప్పటికీ ఉంది. న్యూ ఫారెస్ట్‌లో లిండ్‌హర్స్ట్ కోర్టు గోడకి ఇంకొకటి వేలాడుతోంది. అలాంటి రాజ్యంలో పేదవాడు తన కుక్క వేళ్లు కాపాడుకోవాలంటే పగలంతా కట్టేసుకోవడం చవకైన ఉపాయం అయ్యుంటుందని నా ఊహ.

గొలుసు వల్ల పుట్టిన కోపానికి లండన్‌లో బజారు ఏర్పడింది. థేమ్స్ నదికి దక్షిణాన సదర్క్‌లో, నాటకశాలల పక్కనే, ఎలుగుబంటిని గుంజకి కట్టి దాని మీదికి బ్యాన్‌డాగులని ఉసిగొల్పే గోదాలుండేవి. అక్కడ బేర్ గార్డెన్స్ అనే ఇరుకు సందు ఇప్పటికీ ఉంది. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు పనిగట్టుకుని వెళ్లి చూశాను. ఆఫీసులు, కాఫీ కొట్లు. కింద మట్టిలో మాత్రం తవ్వకాలవాళ్లకి పెద్ద కుక్కల ఎముకలు, ఎలుగుబంటి ఎముకలు, కుక్కలకి మేతగా వేసిన గుర్రాల ఎముకలు దొరికాయి. 1599లో వచ్చిన స్విస్ యాత్రికుడు థామస్ ప్లాటర్ ఆట అయ్యాక వెనక్కి వెళ్లి చూసి, 120 మాస్టిఫ్‌లు ఒకే ఆవరణలో, దేని గూడు దానికి వేరుగా ఉన్నాయని, కసాయివాళ్లు తెచ్చిపడేసే మాంసంతో ఆ చోటంతా కంపు కొడుతోందని రాసుకున్నాడు.

ఇది ఏదో అల్లరిమూకల వినోదం అనుకోకండి. రాణి ఎలిజబెత్‌కి దీని మీద మోజు. నాటకాలాడి ఎలుగుబంట్ల ఆట దెబ్బతీస్తున్నారని 1591లో ఆమె మంత్రిమండలి గురువారాలు నాటకాలే వద్దంది. 1583 జనవరి 13, ఆదివారం నాడు గోదా చుట్టూ ఉన్న చెక్క మంచెలు కూలి ఎనిమిది మంది చచ్చిపోయారు. ఆదివారం ఆటలాడినందుకు దేవుడి శిక్ష అని గురువులు ప్రచారం చేశారు. మంచెలు మళ్లీ లేచాయి. కవి మార్లో నాటకాల్లో పెద్ద వేషాలు కట్టి పేరు తెచ్చుకున్న ఎడ్వర్డ్ ఎలిన్ 1604లో రాజుగారి ఎలుగుబంట్లకీ మాస్టిఫ్‌లకీ అధికారి అయ్యాడు. దేశంలో ఎక్కడ మంచి కుక్క కనిపించినా రాజు పేరు చెప్పి పట్టుకొచ్చే హక్కు ఆ పదవికి ఉండేది. ఊళ్లవాళ్లు కుక్కని దాచేవాళ్లు, వచ్చిన మనుషులతో కొట్లాటకి దిగేవాళ్లు. అదే ఏడాది రాజు మొదటి జేమ్స్ లండన్ టవర్‌లో ఒక సింహం మీదికి కుక్కల్ని వదిలించాడు. ఎలిన్ ఏరి తెచ్చిన మూడింటిలో రెండు చచ్చాయి. మూడోది బతికింది. రాజకుమారుడు హెన్రీ, మృగరాజుతో తలపడిన కుక్క ఇక తక్కువ జంతువులతో పోట్లాడకూడదని చెప్పి దాన్ని తన దగ్గర ఉంచుకున్నాడు. నాకు తెలిసి ఆ గోదా నుంచి పింఛను మీద వెళ్లిన కుక్క అదొక్కటే. 1670లో డైరీ రచయిత జాన్ ఎవలిన్ చూసిన ఆటలో ఎద్దు కొమ్ములతో విసిరిన కుక్క పైనెక్కడో కూర్చున్న ఒక దొరసాని ఒళ్లో పడింది. 1835లో పార్లమెంటు నిషేధిస్తూ చట్టం చేసేదాకా ఇవన్నీ ఏదో రూపంలో నడిచాయి.

ఆ కుక్కల్లో కొన్ని మన దేశానికీ వచ్చాయి. 1615లో సూరత్‌లో దిగిన ఇంగ్లండు రాయబారి థామస్ రోకి, జహంగీర్ దర్బారులో ఏ కానుక పనికొస్తుందో త్వరలోనే అర్థమైంది. బాదుషా మాస్టిఫ్‌లు కావాలన్నాడు. రో కొలువులో చర్చి గురువుగా ఉన్న ఎడ్వర్డ్ టెర్రీ రాసినదాన్ని బట్టి ఓడెక్కిన కుక్కల్లో చివరికి మిగిలినవి రెండు. దారిలో ఏనుగు కనబడితే వాటిలో ఒకటి కాపలావాడి చెయ్యి విడిపించుకుని వెళ్లి తొండం పట్టేసిందట. ఆ సంగతి విని జహంగీర్ మురిసిపోయాడు. ఒక్కో కుక్కకి నలుగురు మనుషుల్ని పెట్టి, ఇద్దరు పల్లకీ మోయడానికి, ఇద్దరు ఈగలు తోలడానికి, తన చేత్తో మాంసం తినిపించడానికి వెండి పట్టకారు చేయించాడట. సదర్క్ గూళ్లలో కసాయి వ్యర్థాలు తినే జాతి ఇక్కడ పల్లకీ ఎక్కింది. ఇది చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది గానీ, ఏనుగు సంగతి మాత్రం టెర్రీ కొంచెం పెంచి రాశాడేమో అనిపిస్తుంది.

మాటకి వయసు మళ్లేకొద్దీ చిత్రమైన అర్థాలు తగులుకున్నాయి. షేక్‌స్పియర్ తన ఆరో హెన్రీ నాటకం రెండో భాగంలో, మంత్రగాళ్లు దయ్యాన్ని లేపే అర్ధరాత్రి వేళని వర్ణించడానికి బ్యాన్‌డాగుల ఏడుపుని వాడుకున్నాడు. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ లండన్ వీధిభాష నిఘంటువు వేసేసరికి దానికి మొదటి అర్థం అమీనా! అప్పు ఎగ్గొట్టినవాడి ఇంటికి జప్తుకొచ్చే కోర్టు ఉద్యోగి, వాడి వెంట వచ్చే మనుషులు. భయంకరమైన మాస్టిఫ్ అనేది రెండో అర్థం. మూడోది టోపీలు పెట్టుకునే అట్టపెట్టె, అది మాటల పోలిక మీద ఆడిన చమత్కారం. మనిషి పట్టుకున్న తాడు చివర ఉండి, వాడు ఎవరి మీదికి వెళ్లమంటే వాళ్ల మీదికి వెళ్లేవాణ్ణి బ్యాన్‌డాగ్ అనడం న్యాయంగానే ఉంది. ఇంత దాకా ఆ మాట చేసే పనినే చెబుతోంది.

ఆ తర్వాత అది మూలపడింది. వాల్టర్ స్కాట్ లాంటి వాళ్లు పాత వాసన కోసం నవలల్లో, కావ్యాల్లో వాడారు తప్ప వాకిట్లో కుక్కని అలా పిలిచేవాళ్లు లేకుండా పోయారు. పని మాత్రం ఆగలేదు. జమీందారుల వేట తోటల్లో దొంగ వేటగాళ్లని పట్టడానికి కాపలావాళ్లు మాస్టిఫ్‌నీ బుల్‌డాగ్‌నీ కలిపి రాత్రి కుక్కల్ని తయారు చేశారు. కరవకుండా పడదోసి మీద కూర్చోవడం వాటికి నేర్పిన విద్య. 1924లో ఇంగ్లండు కెనెల్ క్లబ్ దాన్ని బుల్‌మాస్టిఫ్ పేరుతో జాతిగా గుర్తించింది.

బ్యాన్‌డాగ్ పేరుకి మళ్లీ ప్రాణం పోసింది నా వృత్తివాడే. 1960లలో అమెరికాలో జాన్ స్విన్‌ఫోర్డ్ అనే పశువైద్యుడు, పిట్‌బుల్ చురుకూ నియాపాలిటన్ మాస్టిఫ్ ఒడ్డూ కలిసిన కాపలా కుక్కని తయారు చేయబోయి, దానికి పాత స్పెల్లింగుతో సహా ఈ పేరు పెట్టాడు. ఆయన ఎక్కువ కాలం బతకలేదు, ఆ ప్రయత్నం స్థిరమైన జాతిగా నిలవలేదు. కానీ పేరు జనంలో పడింది. పెద్ద కుక్కని ఇంకో పెద్ద కుక్కతో కలిపిన ప్రతివాడూ పుట్టినదాన్ని బ్యాన్‌డాగ్ అన్నాడు. అయిదు వందల ఏళ్లుగా గొలుసుకి ఉన్న పేరు ఇలా నెత్తురుకి అంటుకుంది. ఢిల్లీ ఉత్తరం ఆఖరి పంక్తిలోకి వచ్చింది ఈ కొత్త అర్థమే, అదీ సరిగ్గా కాదు. స్థిరమైన లక్షణాలు లేని కుక్కని తరహా బట్టి పోల్చమంటే, నా ముందు నిలబెట్టిన దాన్ని నేను ఏ కొలతతో తేల్చాలి? బ్రూసమ్ హాల్‌లో కనీసం ఇనప చట్రమైనా ఉండేది. 2024 ఏప్రిల్ 10న కర్ణాటక హైకోర్టు, సంబంధించినవాళ్లని ఎవర్నీ సంప్రదించలేదన్న కారణంతో ఆ ఉత్తరాన్ని కొట్టేసింది. మా చెరువుల రైతులకి ఫోన్లో ఆ సంగతి చెప్పి, మరి బెల్టు వదులు చేశారా అని అడిగాను. ఎక్కువమంది మాట మార్చారు.

ఇంగ్లండులో ఇప్పుడు కాపలా కుక్కకి ప్రత్యేకంగా ఒక చట్టమే ఉంది. 1975లో చేశారు, 1976 ఫిబ్రవరి 1 నుంచి దాని మొదటి సెక్షన్ నడుస్తోంది. గోడౌన్ల లాంటి చోట్ల కుక్కని కాపలాకి వాడాలంటే దాన్ని అదుపు చేయగల మనిషి ఒకడు అక్కడ ఉండాలి, వచ్చే ప్రతి దారిలోనూ కుక్క ఉందని కనపడేలా బోర్డు పెట్టాలి. పొలాలకీ, ఇంటి ఆవరణకీ ఇది వర్తించదు. కాపలా కుక్కల్ని అద్దెకిచ్చే కొట్టాలకి లైసెన్సులు పెట్టిన సెక్షన్లు కూడా అందులోనే రాశారు గానీ ఇప్పటిదాకా అమల్లోకి తేలేదు. మొదటి సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది: ఆవరణలో ఇష్టమొచ్చినట్టు తిరగకుండా కుక్కని కట్టి ఉంచితే, మనిషి పక్కన లేకపోయినా తప్పులేదు. అలాంటప్పుడు మనిషి కనీసం ఆ ఆవరణలోనైనా ఉండాలా అని ఒక కేసు పైకోర్టు దాకా వెళ్లింది. గొలుసు సరిగ్గా ఉంటే మనిషి అక్కడ ఉండక్కర్లేదని తీర్పు చెప్పారు.